టీకా పరిశోధనకు మీలో ఒక్కరైనా రండి: తిరుపతి, చిత్తూరు పిల్లల వైద్యం పీజీలకు బహిరంగ లేఖ

ప్రియమైన యువ డాక్టర్లకు,

నమస్తే. చిత్తూరులో పిల్లల డాక్టరుగా ప్రాక్టీసు చేస్తూ జుట్టు నెరిసిన మనిషిని. తిరుపతిలో జరిగే సీఎంఈలలో మీలో కొందరు నన్ను చూసే ఉంటారు. భోజనాల టైమయ్యాక కూడా మైకు వదలకుండా ప్రశ్నలడిగేది నేనే. ఈమధ్య అలాంటి ఒక మీటింగులో టీకాల గురించి నాలుగు మాటలు చెప్పి కిందికి దిగాను. మీలో ఒకమ్మాయి వచ్చి, "వ్యాక్సిన్ రీసెర్చ్ అంటే కంపెనీలో ఉద్యోగం కదా సార్, పేషెంట్లను చూసేవాళ్ళకు అందులో ఏం పని?" అని అడిగింది. పక్కనున్న అబ్బాయి, "నియోనేటాలజీ (పసికందుల వైద్యం) చేస్తే తిరుపతిలోనే సెటిల్ అయిపోవచ్చు సార్" అన్నాడు. అబ్బాయి మాట నిజమే, కాదనను. అమ్మాయి ప్రశ్నకు మాత్రం నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే ఈ లేఖ.

టీకాను తయారు చేసేది కంపెనీయే. కానీ ఏ జబ్బుకు టీకా కావాలి, ఏ వయసులో వేయాలి, ఎన్నిసార్లు వేయాలి, వేశాక బిడ్డకు ఏమైంది, జబ్బు నిజంగా తగ్గిందా అన్నవి తేల్చేది బిడ్డ పడుకున్న మంచం పక్కన నిలబడిన డాక్టరు. ఈ పని ఎక్కడో అమెరికాలో జరిగేది అనుకోకండి. చిత్తూరులో బస్సెక్కితే గంటకు అటూ ఇటుగా చేరే వెల్లూరులో, సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ)లో యాభై ఏళ్ళకు పైగా జరుగుతోంది. మన జిల్లా జనం ఫైళ్ళు చంకన పెట్టుకుని రోజూ వెల్లూరు పోతూనే ఉంటారు, వైద్యం కోసం. ఈ పని నేర్చుకోవడానికి పోయిన మన పిల్లల డాక్టర్లు నాకు తెలిసి బహు తక్కువ.

మీరు హౌస్ సర్జన్లుగా వార్డులోకి వచ్చేనాటికే రోటావైరస్ చుక్కలు మన పీహెచ్‌సీల్లోకి వచ్చేశాయి. అంతకు ముందు నీళ్ళ విరేచనాల వార్డు ఎలా ఉండేదో మీకు తెలిసే అవకాశం లేదు. రాత్రి ఏ పదకొండింటికో తవణంపల్లి వైపు నుంచో, గంగాధర నెల్లూరు నుంచో ఆటోలో ఒక తల్లి దిగేది. చంకలో ఎనిమిది తొమ్మిది నెలల బిడ్డ. మాడు గుంటపడి, కళ్ళు లోపలికి పోయి ఉండేవి. ఏడుపు ఉండేది గానీ కన్నీళ్ళు ఉండేవి కావు. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే మడత అలాగే నిలబడి, నింపాదిగా దిగేది. "పండ్లు మొలస్తా ఉండాయి సార్, అందుకే పారతా ఉండాదని మా యత్త చెప్పింది" అనేది తల్లి. చేతికి నరం దొరకదు, కాలికి దొరకదు, నెత్తిన వెతకాలి. అదీ దొరక్కపోతే మోకాలి కింద ఎముకలోకే సూది. సెలైన్ ఎక్కాక బిడ్డ పక్క తడిపితే ఆ తడిగుడ్డ చూసి నర్సమ్మ మొహంలో నవ్వు వచ్చేది. తేరుకోకుండా పోయిన బిడ్డలూ ఉన్నారు.

ఆ విరేచనాలకు కారణమైన వైరస్‌ను 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం పట్టుకుంది. జబ్బుపడ్డ పిల్లల చిన్నపేగు నుంచి తీసిన ముక్కలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి కనిపెట్టారు. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాత పన్నెండేళ్ళకు ఢిల్లీలో జరిగింది. ఎయిమ్స్‌లో మహారాజ్ కిషన్ భాన్ అనే పిల్లల డాక్టరు ఉండేవారు. 1980ల మధ్యలో అక్కడ పుట్టిన పసికందుల మలంలో రోటావైరస్ కనిపించింది. విచిత్రమేమిటంటే వాళ్ళకు విరేచనాలు లేవు. మనమైతే ఏం చేస్తాం? వైరస్ ఉంది, జబ్బు లేదు, తల్లీబిడ్డా క్షేమం, డిశ్చార్జి రాసేస్తాం. ఆయన బృందం ఆ పిల్లలను వదల్లేదు. ఇళ్ళకు వెళ్ళాక కూడా ఏమవుతున్నారో చూస్తూ వచ్చింది. పుట్టగానే ఆ వైరస్ సోకిన పిల్లలకు తర్వాత తీవ్రమైన రోటా విరేచనాలు తక్కువగా వస్తున్నాయని తేలింది. అంటే జబ్బు చేయకుండా రక్షణ ఇచ్చే వైరస్ ఒకటి ప్రసూతి వార్డులోనే తిరుగుతోందన్నమాట. 116ఈ అని పేరు పెట్టిన ఆ రకం నుంచే హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రోటావాక్ తయారుచేసింది.

అయితే ఢిల్లీ పసికందుల నుంచి చిత్తూరు పీహెచ్‌సీ దాకా రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ మధ్యలో జరిగిన పని గురించే మీకు చెప్పాలని నా తాపత్రయం.

వెల్లూరు మురికివాడల్లో పుట్టిన పిల్లలను పుట్టిననాటి నుంచి మూడేళ్ళ పాటు వెంబడించిన అధ్యయనం ఒకటి ఉంది. సీఎంసీ శాస్త్రవేత్త గగన్‌దీప్ కాంగ్ బృందం చేసిన పని అది. 2011లో అచ్చయింది. వారానికి రెండుసార్లు ఒక మనిషి ఇంటికి వెళ్ళాలి. బిడ్డకు విరేచనాలు అయ్యాయా, ఎన్నిసార్లు అయ్యాయి, జ్వరం ఉందా అని అడగాలి, నమూనా తేవాలి. ఊరెళ్ళారంటే తిరిగొచ్చేదాకా కనుక్కుంటూ ఉండాలి. ఇలా మూడేళ్ళు పూర్తిచేసిన పిల్లలు 373 మంది. అంతకు ముందు మెక్సికోలో జరిగిన ఇలాంటి అధ్యయనంలో రెండుసార్లు రోటా సోకితే చాలు, ఆ తర్వాత తీవ్రమైన జబ్బు రాదని తేలింది. వెల్లూరు పిల్లల్లో మూడుసార్లు సోకినా ఒక మోస్తరు, తీవ్ర జబ్బుల నుంచి రక్షణ 79 శాతమే. సగానికి పైగా పిల్లలకు ఆరు నెలలు నిండకుండానే వైరస్ సోకేసింది. బయటి దేశంలో పనిచేసిన టీకా ఇక్కడ అంతే పనిచేస్తుందని అనుకోవద్దని, వేసేదేదో బిడ్డ చాలా చిన్నగా ఉన్నప్పుడే వేయాలని ఈ లెక్క చెప్పింది. ఈ లెక్క ఏ లాబొరేటరీలోనూ పుట్టదు. వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, బిడ్డ గుడ్డలు ఉతుకుతున్న తల్లితో మాట్లాడితేనే వస్తుంది.

తర్వాత 2011లో రోటావాక్ మూడో దశ ట్రయల్ ఢిల్లీ, పుణె, వెల్లూరులలో మొదలైంది. మొత్తం 6,799 మంది పసిపిల్లలు. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి: తీవ్రమైన రోటా విరేచనాల నుంచి మొదటి ఏడాది 56 శాతం రక్షణ. "యాభై ఆరేనా" అని అప్పట్లో మన డాక్టర్లే పెదవి విరిచారు. రోటా విరేచనాలతో సెలైన్ ఎక్కించాల్సిన పిల్లలు పది మంది వచ్చే రాత్రి నలుగురైదుగురే రావడమంటే ఏమిటో రాత్రి డ్యూటీ చేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. 2016 మార్చి 26న ఈ టీకాను జాతీయ కార్యక్రమంలో మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగతావి ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఐదేసి చుక్కలు. అంతే, మన బిడ్డల నోట్లో పడింది ఆ ముప్పై ఏళ్ళ పని.

భాన్ గారు 2020 జనవరిలో పోయారు. మన పత్రికల్లో ఆ వార్త ఏ మూలనో చిన్నగా వచ్చి ఉంటుంది. నేను మాత్రం చూడలేదు.

ఇక ఈ దారిలో ఓటమి ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. అమెరికాలో 1998 ఆగస్టులో రోటాషీల్డ్ అనే మొదటి రోటా టీకాకు అనుమతి వచ్చింది. ఏడాది తిరిగేసరికి కొందరు పిల్లల్లో పేగు పేగులోకి దూరుకుపోవడం కనిపించింది. సుమారు పదివేల మందికి ఒకరు. 1999 అక్టోబరులో టీకాను వెనక్కి తీసుకున్నారు. దాని వెనుక ఉన్నవాళ్ళ దశాబ్దాల శ్రమ ఆ ఒక్క అంకెతో ఆగిపోయింది. అదే సమయంలో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో అంటువ్యాధుల డాక్టరు పాల్ ఆఫిట్, ఫ్రెడ్ క్లార్క్, స్టాన్లీ ప్లాట్‌కిన్‌లతో కలిసి ఇంకో రోటా టీకా మీద పనిచేస్తున్నారు. రోటాషీల్డ్ దెబ్బతో వాళ్ళ టీకాకు పరీక్ష ఇంకా కఠినమైంది. పదివేలలో ఒకరికి వచ్చే ప్రమాదం ఉందో లేదో తేల్చాలంటే వందల మంది పిల్లలు చాలరు కదా. సుమారు 70 వేల మంది పసిపిల్లలతో ట్రయల్ చేయాల్సి వచ్చింది. 2006లో అనుమతి దొరికింది. మొదలుపెట్టినప్పటి నుంచి లెక్కేస్తే పాతికేళ్ళ పైమాట. ఆఫిట్ రెసిడెంటుగా ఉన్నప్పుడు రోటా విరేచనాలతో ఒక బిడ్డ కళ్ళముందే చనిపోవడం చూశారు. మీ వయసులోనే. టీకాల తరఫున మాట్లాడినందుకు తర్వాతి రోజుల్లో ఆయనకు చంపుతామని బెదిరింపులు కూడా వచ్చాయి.

మన దేశంలో రోటా టీకా మొదలయ్యాక పేగు దూరుకుపోవడం పెరిగిందా అని టీకా వేస్తున్న రాష్ట్రాల ఆసుపత్రుల్లో ఓపిగ్గా లెక్కలు తీశారు. 2020లో ఫలితం వచ్చింది: పెరగలేదు. ఈ లెక్క తీసినవాళ్ళు మనలాంటి పిల్లల డాక్టర్లు, పిల్లల సర్జన్లే. అర్ధరాత్రి స్కానింగ్ రూములో పొట్ట మీద ప్రోబు పెట్టి చూసి, టీకా కార్డు అడిగి తేదీ రాసుకున్నవాళ్ళు. మీరు రేపు క్యాజువాలిటీలో టీకా కార్డు అడగకుండా వదిలేసిన ప్రతి బిడ్డా ఇలాంటి లెక్కలోంచి జారిపోయినట్టే. ఆ కార్డు (ఎంసీపీ కార్డు) తేలేదంటే ఫోన్ చేయించి ఫోటో తెప్పించుకోండి.

మరొకాయన పీటర్ హోటెజ్. టెక్సస్‌లో పిల్లల డాక్టరు. పేదల జబ్బులకు, కొంకి పురుగుల లాంటివాటికి, టీకాలు చేయడమే ఆయన పని. కోవిడ్ లాంటిదే అయిన సార్స్ జబ్బుకు ఒక టీకా తయారుచేసి పెట్టుకుంటే మనుషుల మీద పరీక్షించడానికి డబ్బు పెట్టేవాళ్ళు దొరకలేదు, ఎందుకంటే అప్పటికి సార్స్ పోయింది. ఫ్రీజర్లో మూలనపడిన ఆ పని కోవిడ్ వచ్చినప్పుడు అక్కరకొచ్చింది. ఆయన, ఆయనతో కలిసి పనిచేసే శాస్త్రవేత్త మరియా ఎలీనా బొటాజ్జీ పేటెంటు తీసుకోకుండా ఆ పద్ధతిని హైదరాబాద్‌లోని బయొలాజికల్ ఈకి ఇచ్చారు. 2022 మార్చిలో మన స్కూళ్ళలో 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వేసిన కార్బెవాక్స్ అదే. మీ ఇళ్ళలోనే తమ్ముళ్ళో చెల్లెళ్ళో వేసుకుని ఉంటారు.

ఇప్పుడు మళ్ళీ మన పక్కకే వస్తాను. టి. జాకబ్ జాన్ పేరు మీరు పరీక్ష కోసం కూడా చదివి ఉండరు. పిల్లల డాక్టరు. వెల్లూరు సీఎంసీలో వైరాలజీ ల్యాబ్ పెట్టినవారు. పోలియో చుక్కలు మూడు డోసులు వేస్తే చాలని ప్రపంచమంతా అనుకుంటున్న రోజుల్లో, మూడు డోసులూ వేసుకున్న వెల్లూరు పిల్లలు పోలియోతో కాళ్ళు ఈడ్చుకుంటూ రావడం ఆయన చూశారు. చుక్కలు పాడయ్యాయనో తల్లి అబద్ధం చెబుతోందనో సరిపెట్టుకోలేదు. రక్తం తీసి యాంటీబాడీలు చూశారు. మన వాతావరణంలో మూడు డోసులు చాలామంది పిల్లల్లో పట్టడం లేదని 1970లలోనే తేల్చారు. ఎక్కువ డోసులు కావాలన్నారు. అందరికీ ఒకేసారి అలలు అలలుగా వేస్తే పోలియోను అదుపు చేయవచ్చని వెల్లూరులో చేసి చూపించి 1983లో రాశారు. దేశంలో పల్స్ పోలియో మొదలైంది 1995లో. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లో. ఆ మధ్యలో ఆయన రాతలకు, వాదనలకు ఎదురైన నిర్లక్ష్యం అంతా ఇంతా కాదు. ఈ పనిలో సగం వైద్యం, సగం మొండితనం.

1986లో మద్రాసు నుంచి రాత్రి రైల్లో ఐస్‌లో పెట్టి తెచ్చిన రక్త నమూనాల్లో దేశంలోనే మొదటిసారి హెచ్‌ఐవీ బయటపడింది కూడా ఆయన ల్యాబ్‌లోనే. అది టీకా కథ కాదు గానీ, ఒక పిల్లల డాక్టరు పెట్టిన ల్యాబ్ ఎంత దూరం పోగలదో తెలియడానికి చెప్పాను.

మెదడువాపు సంగతి చూడండి. 1955లో జపనీస్ ఎన్‌కెఫలైటిస్ ఈ దేశంలో మొదట బయటపడింది వెల్లూరు చుట్టుపక్కల, ఉత్తర ఆర్కాటులో. మన చిత్తూరు జిల్లాలో చాలా భాగం 1911 దాకా ఆ జిల్లాలోదే. ఇటు పలమనేరు దాటి ముళబాగిలు మీదుగా పోతే కోలారు. 1980ల మొదట్లో అక్కడి రోగి నుంచి తీసిన వైరస్‌తోనే జెన్‌వాక్ అనే మెదడువాపు టీకా తయారైంది, 2013లో వచ్చింది. అటు వెల్లూరు, ఇటు కోలారు, నడుమ మనం. వరి మళ్ళు మనకూ ఉన్నాయి, ఈ జబ్బును మోసే క్యూలెక్స్ దోమలు మనకూ ఉన్నాయి, కొంగలు, పందులు మనకూ ఉన్నాయి. రికార్డులు మాత్రం అటు వెల్లూరులో, ఇటు కోలారులోనే ఉన్నాయి.

ఇంత చెప్పాక మీకో అనుమానం రావాలి. పిల్లల మీద ప్రయోగాలా అని. రావాలనే నా కోరిక, ఎందుకంటే మన తెలుగు నేల మీదే అది ఒకసారి వికటించింది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఒక ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికా సంస్థ పాత్, మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కలిసి చేసిన పని. తర్వాత కొందరు అమ్మాయిలు చనిపోయారని గొడవైంది. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేలింది. కానీ సమ్మతి పత్రాలు తీసిచూస్తే చాలా వాటి మీద తల్లిదండ్రుల సంతకం లేదు. హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు పెట్టిన సంతకాలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే. మన ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడేది. ఆ సంతకాల వ్యవహారం మాత్రం జనంలో దాని మీద అనుమానాన్ని ఏళ్ళ తరబడి మిగిల్చింది.

అందుకే సమ్మతి తీసుకోవడం క్లర్కు పని కాదు, మీ పని. మన పల్లెల్లో ఇది ఎంత కష్టమో చెప్తాను. పూతలపట్టు దగ్గరి ఒక తల్లికి మీరు అరగంట సేపు వివరిస్తారు. అంతా విని, "మీరు పెట్టమంటే పెడతాను సార్, మీకు తెలీనిదా" అంటుంది. మనకు ఆ మాట సంతోషంగా ఉంటుంది. అది సమ్మతి కాదు. "వద్దంటే మీ బిడ్డకు ఇక్కడ వైద్యం ఆపేస్తారా?" అని ఎదురడగండి. "అట్ల ఆపరు కదా సార్?" అని ఆమె నసిగిందంటే, లోపల ఆ భయం ఉన్నట్టే. అది పోయేదాకా కాగితం ముందు పెట్టకండి. మర్నాడు అత్తతోనో మొగుడితోనో కలిసి రమ్మనండి. వద్దని వెళ్ళిపోయినవాళ్ళను తర్వాత వార్డులో చూసినప్పుడు మొహం మాడ్చుకోకండి. మీరు నేర్చుకోవాల్సినవాటిలో నాకు కష్టమనిపించేది ఇదే. స్టాటిస్టిక్స్‌కు నేర్పేవాళ్ళు దొరుకుతారు.

ఇక జనాన్ని ఎగతాళి చేయడం మనవాళ్ళకు ఒక అలవాటు. తట్టు వస్తే "అమ్మ పోసింది" అని వేపాకు మంచాన పరిచి ఇంట్లో ఉంచేస్తారని నవ్వుతాం. గంగమ్మ జాతర చేసుకునే ఊళ్ళో పుట్టి పెరిగి దీనికి నవ్వితే ఎలా? వాళ్ళకు అది భక్తి. మనకు అక్కడ ఉన్న అసలు ఇబ్బంది ఏమిటంటే, ఆ బిడ్డ ఆసుపత్రికి రాదు కాబట్టి మన లెక్కలోకి రాదు. 2017లో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ దాకా ఎంఆర్ (తట్టు, రూబెల్లా) టీకాలు వేసినప్పుడు వాట్సాప్‌లో ఎన్ని పుకార్లు తిరిగాయో, ఎంతమంది తల్లులకు టెన్షన్ పట్టుకుందో నాకు గుర్తే. ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో వేపాకు కట్టారో తెలుసు. ఆమెతో టీ తాగండి, మీకు సర్వేలెన్స్ (జబ్బుల మీద నిఘా) సగం వచ్చేస్తుంది.

సరే, ఇక్కడ చేయడానికి ఏముంది అంటారా? మీరు రోజూ చూస్తున్నదే ఉంది. వానలు పోయి చలి మొదలయ్యే రోజుల్లో మన వార్డులు నిండేది దేనితో? డెంగీ, దాని వెనకే స్క్రబ్ టైఫస్ (పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం). వారం రోజుల జ్వరంతో వచ్చిన బిడ్డకు బయట ఎక్కడో వైడాల్ అనే రక్తపరీక్ష చేసి "టైఫాయిడ్" అని రాసి, యాంటీబయాటిక్ సూదులు పొడిచి పంపి ఉంటారు. మీరు బట్టలు విప్పించి చంకలో, గజ్జల్లో, చెవి వెనక వెతికితే సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు. డాక్సీసైక్లిన్ ఇస్తే ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మెదడు. (వైడాల్ గురించి నా అభిప్రాయం ముద్రించదగ్గది కాదు.)

ఈ స్క్రబ్ టైఫస్‌కు టీకా లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల నుంచి ప్రయత్నాలున్నాయి. చంపిన క్రిములతో చేసిన తొలి టీకాలు పనిచేయలేదు. ఆ క్రిమిలో కార్ప్, కాటో, గిలియం అంటూ రకరకాల జాతులు. ఒకదానికి వచ్చిన రక్షణ మరోదానికి కొన్ని నెలలకు మించి నిలవదు. రేపు ఎవరైనా ఒక టీకా తయారుచేస్తే మొదటి ప్రశ్న "తిరుపతి, చిత్తూరు అడవి అంచుల్లో ఏ జాతి తిరుగుతోంది?" అన్నదే. దానికి జవాబు చెప్పగలిగేది ఆ నల్ల పొక్కు మీద చెక్కును జాగ్రత్తగా తీసి పీసీఆర్‌కు పంపే పీజీ. మన వార్డులో ఆ చెక్కు ఎక్కువగా ఎక్కడికి పోతుందో మీకు తెలుసు, చెత్తబుట్టలోకి. టైఫాయిడ్ కథ కూడా ఇంతే. హైదరాబాద్‌లో తయారైన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు ఆ రకంలో మొట్టమొదటిసారిగా 2017 డిసెంబరులో డబ్ల్యూహెచ్‌ఓ ప్రీక్వాలిఫికేషన్ (నాణ్యత, భద్రత చూసి ఇచ్చే ఆమోదం) వచ్చింది. దాన్ని ఎక్కడ, ఏ వయసుకు వేయాలో తేలాలంటే బ్లడ్ కల్చర్ లెక్కలు కావాలి. వైడాల్ కాగితాలు పనికిరావు.

తిరుపతిలో ఏం లేదని? 1960లో మొదలైన ఎస్వీ మెడికల్ కాలేజీ ఉంది, రుయా ఉంది, స్విమ్స్ ఉంది, సైన్సు పరిశోధనకు ఐసర్ ఉంది, పందుల సంగతి, ఎలుకల సంగతి చెప్పడానికి పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఉంది. కొండకు దేశం నలుమూలల నుంచి రోజూ వేలాది మంది వస్తారు, వాళ్ళతో పాటు జ్వరాలూ వస్తాయి. విడివిడిగా మంచి పనులు చేస్తున్నవాళ్ళున్నారు. వాళ్ళందరినీ ఒక టేబుల్ చుట్టూ కూర్చోబెట్టే పిల్లల డాక్టరు కావాలి. నేను చేయలేదేం అంటారేమో. నాకు క్లినిక్ నడపడం ఇష్టం, అదే చేశాను. ఇష్టం లేని పని ఎవరూ చేయక్కర్లేదు. ఈ పని ఇష్టమై కూడా దారి తెలియక వదిలేసేవాళ్ళు మీలో ఒకరో ఇద్దరో ఉంటారని నా అనుమానం. వాళ్ళ కోసమే ఇదంతా.

నష్టాలు దాచను. ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) కన్సల్టెంటుకు వచ్చే డబ్బు ఇందులో రాదు. పెళ్ళిచూపుల్లో "క్లినిక్ ఎప్పుడు పెడతారు?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. పదేళ్ళు పనిచేశాక ట్రయల్ ఫలితం సున్నా రావచ్చు. ఫలితం బాగా వస్తే వార్డు ఖాళీ అవుతుంది, ఖాళీ వార్డుకు ఎవరూ సన్మానం చేయరు. ఎండీ తర్వాత ఇన్ఫెక్షియస్ డిసీజెస్ (అంటువ్యాధులు)లో డీఎం అనే పై చదువు వెల్లూరులోనూ, ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ ఉంది. సీట్లు తక్కువ.

మీ హెచ్‌ఓడీలకు ఒక విన్నపం కూడా ఇందులోనే చేర్చేస్తున్నాను. "క్లినికల్ ప్రొఫైల్ ఆఫ్ డెంగ్యూ" అనే థీసిస్ ఇక చాలు సార్. పాతదాన్ని తీసి, ఏడాది మార్చి, మళ్ళీ బైండింగ్ చేయించడం అందరికీ తెలిసిన విద్యే. ఒక బ్యాచ్ మొదలుపెట్టిన పిల్లలను తర్వాతి బ్యాచ్, ఆ తర్వాతి బ్యాచ్ చూస్తూ పోయేలా ఒక్క అంశం పెట్టండి. మూడు బ్యాచ్‌లకు తొమ్మిది మంది పీజీలు దొరికినా ఒక ఊరి పిల్లలను ఐదేళ్ళు చూడొచ్చు. పిల్లలను తీసుకొచ్చే బాధ్యతలో పీహెచ్‌సీ డాక్టర్లను, ఏఎన్‌ఎంలను కలుపుకోండి. బుధ, శనివారాల్లో టీకా వేసే చోటికి పీజీని ఒక్కసారైనా పంపండి. ఐస్ ప్యాక్‌ల మధ్య వయల్ ఎలా ఉంటుందో, వేడికి టీకా పాడైందో లేదో తెలిపే వీవీఎం గుర్తులో లోపలి చదరం రంగు మారిందో లేదో ఏఎన్‌ఎం ఎలా చూస్తుందో కళ్ళారా చూడని మనిషి టీకాల మీద థీసిస్ రాయకూడదని నా పట్టుదల.

చివరిగా ఒక పని మాట. స్క్రబ్ టైఫస్‌తో నా దగ్గరికి వచ్చిన పిల్లల వివరాలు నేను నోట్‌బుక్కుల్లో రాసిపెట్టుకున్నాను: ఊరు, నెల, పొక్కు ఎక్కడుంది, జ్వరం ఎన్నో రోజున వచ్చారు, ఎప్పుడు దిగింది. రాత కోడిగీతలే గానీ చదవచ్చు. మీలో ఎవరైనా దీన్ని థీసిస్‌కు వాడుకోదలిస్తే ముందు మీ ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం తెండి. పేర్లు, ఫోన్ నంబర్లు లేకుండా నేనే కూర్చుని కాపీ తీసి ఇస్తాను. మధ్యాహ్నం రెండు తర్వాత క్లినిక్‌లో జనం తక్కువ. ఆదివారం రావద్దు.

ఇట్లు,
చిత్తూరు నుంచి ఒక పిల్లల డాక్టరు